ఇదిగో, నీ మొహం నీకు

ఎదురింటి మామ్మగారు పోయారు. ఆదివారం పొద్దున వాళ్ళబ్బాయి మా గుమ్మం బయటే నిలబడి, "అమ్మ లేదండీ" అని ఆగిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ఊపిరి అందలేదట. ఆ రోజు సాయంత్రం ఐదింటికి మా చెల్లి తన మాస్కు పట్టుకుని, ఎప్పటిలాగే వాళ్ళింటికి బయల్దేరింది. చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు ఆపానో దానికి చెప్పడం నాకు చేతకాలేదు.

చెల్లికి తొమ్మిదేళ్ళు. మాటలు రావు. రెండేళ్ళ కిందట అది తన చెంప తనే కొట్టుకుంటుంటే మొండితనం అనుకున్నాం. ఒకరోజు అది అన్నం తింటుంటే మామ్మగారు చూశారు.

"పిల్లకి కుడివైపు పన్ను నొప్పమ్మా. ముద్దంతా ఎడమవైపే నములుతోంది. నాకు పళ్ళు లేవుగా, పక్కవాళ్ళ పళ్ళే చూస్తుంటా."

మాకు నెలల తరబడి అంతుపట్టని సంగతి ఆమెకు ఒక్క ముద్దలో తెలిసింది.

పటమటలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే చెల్లి నోరే తెరవలేదు. చివరికి పిల్లల పళ్ళ డాక్టరు ఒకాయన, ఆపరేషన్ గదిలో పూర్తిగా మత్తిచ్చి, పాడైన పళ్ళన్నీ ఒకేసారి బాగుచేద్దామన్నారు. మత్తు మాస్కుతో ఇస్తారు. మొహానికి ఏది తగిలినా చెల్లి విదిలించి కొడుతుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఒక్కటీ నోట రాలేదు. తోడొచ్చిన మామ్మగారే, "అలాంటి మాస్కొకటి ఇంటికివ్వండి డాక్టరుగారూ, అలవాటు చేస్తాం" అన్నారు.

తిరుగుదారిలో, ఆటోలో నా వైపు తిరిగారు.

"మీ ఇంట్లో మాటలు రానిది ఒక్కతే అనుకున్నా. ఇద్దరన్నమాట."

నేను కిటికీ లేని ఆటోలో కిటికీ కోసం వెతికినట్టు పక్కకు చూశాను. ఆమె నవ్వలేదు.

"అడగాలమ్మా. నోరున్నదానివి నువ్వే అడక్కపోతే దాని తరఫున ఎవరడుగుతారు?"

మామ్మగారికి ఉబ్బసం. రోజూ నమాజు అయ్యాక, ఐదింటికి, గుర్రుమనే చిన్న మిషన్ ముందు కూర్చుని మాస్కులోంచి మందు పీల్చేవారు. చెల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. మొదటివారం మాస్కు దాని ఒళ్ళోనే ఉంది. తర్వాత గడ్డం దాకా వచ్చింది. నెల తిరిగేసరికి ఇద్దరూ మాస్కులు పెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవారు. ఊపిరికోసారి మామ్మగారు రెండు వేళ్ళతో దాని మోకాలి మీద తట్టేవారు. మందు అయిపోగానే మాస్కు తీసి, "ఇదిగో, నీ మొహం నీకు" అనేవారు. అప్పుడే చెల్లి నవ్వేది.

మత్తిచ్చే రోజు పొద్దుటి నుంచి చెల్లికి ఏమీ పెట్టకూడదన్నారు. పోపు వాసనొస్తే పిల్ల ఊరుకోదని మామ్మగారు పొయ్యి వెలిగించలేదు. తనూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "నాకలవాటేగా" అన్నారు. లోపలికి ఒక్కరినే రానిస్తామంటే అమ్మ ఆమెనే పంపింది. ఆమె ఆస్పత్రి గౌను తొడుక్కుని, సంచిలోంచి తన మాస్కు తీసి పెట్టుకున్నారట.

"మామ్మగారూ, మీక్కూడా మత్తివ్వమంటారా?" అన్నారట మత్తు డాక్టరు.

"ఇవ్వండి, ఈ పూట వంట తప్పుతుంది."

రెండు పళ్ళు తీశారు, మిగిలినవి బాగుచేశారు. ఆ వారంలోనే చెల్లి కుడి చెంప దిండుకి ఆనించి పడుకుంది. అమ్మ దాన్ని అలా చూస్తూ చాలాసేపు నిలబడింది.

ఈ ఏడు మళ్ళీ చెంప కొట్టుకోవడం మొదలైంది. డాక్టరు తారీఖు ఇచ్చారు. ఐదింటి మాస్కులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ తారీఖుకి ఇంకా పదకొండు రోజులున్నాయనగా మామ్మగారు పోయారు.

ఈసారి లోపలికి నేను వెళ్ళాను. చెల్లి నా వెనక తలుపు వైపే చూస్తోంది. మాస్కు దగ్గరకు తేగానే పెదాలు బిగించి, తల గోడకేసి కొట్టుకోబోయింది.

"మామ్మగారు రాలేదా?" అన్నారు మత్తు డాక్టరు.

రాలేదని తల ఊపాను.

"ఇవాళ వద్దమ్మా. బలవంతం చేస్తే ఇక ఈ గదిలోకే రాదు. మళ్ళీ రండి" అన్నారు ఆయన. మళ్ళీ వస్తే ఏం మారుతుందని అడగాలి. అడగలేదు.

మామ్మగారి మిషన్ వాళ్ళబ్బాయి ఎవరికో ఇచ్చేశాడు. చెల్లిని ఆపడం నేను మానేశాను. నిన్న ఐదింటికి అది మూసి ఉన్న వాళ్ళ తలుపు ముందు, మెట్టు మీద కూర్చుని మాస్కు పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని, ఒక చెయ్యి దొప్పలా చేసి ముక్కుకి ఆనించుకున్నాను. రెండు వేళ్ళతో దాని మోకాలి మీద తట్టాను. ఎంతసేపు తట్టాలో నాకు తెలియదు. చాలాసేపయ్యాక, "ఇదిగో, నీ మొహం నీకు" అన్నాను.

అది మాస్కు తియ్యలేదు. ఒక చేత్తో మాస్కు, ఇంకో చేత్తో కుడి చెంప పట్టుకుని, తలుపు వైపే చూస్తూ ఊపిరి పీలుస్తోంది. మాస్కు లోపల ఆవిరి పడుతోంది, పోతోంది, మళ్ళీ పడుతోంది.