మా కిటికీ దగ్గర రాసిన వాక్యం

ఆ కానిస్టేబుల్ మా ఇంట్లో అడుగుపెట్టగానే చేసిన మొదటి పని, నా బీడీ ఆకుల చాటను బూటుకాలితో పక్కకు నెట్టడం. చేత్తో జరపొచ్చు. లేదా నన్ను జరపమని అడగొచ్చు. "ఇంకా అదే పట్టుకున్నవా?" అని మా వాళ్లు నవ్వుతారు. పట్టుకున్నాను. అది చిన్న సంగతని నేనెప్పుడూ అనుకోలేదు.

ఈ మరాఠీ ఊళ్లో మా నేతగాళ్ల వాడ భవాని పేట్. అక్కడ మా ఇంటి కింద రెండు మరమగ్గాలున్నాయి. మేం సాంచాలంటాం. తువ్వాళ్లు నేస్తాయి. నా భర్త పోయాక వాటిని మా తమ్ముడే నడుపుతున్నాడు. ఒక సెలవు రోజున ఎవరో తాళం పగలగొట్టి ఒక సాంచా మోటారు ఎత్తుకుపోయారు. ఫిర్యాదు ఇవ్వడానికి ఠాణాకు వెళ్తే కుర్చీలు ఖాళీగా ఉండగానే నన్ను నిలబెట్టి మాట్లాడారు. రేపు రమ్మన్నారు. వెళ్లాను. మళ్లీ రేపన్నారు. మళ్లీ వెళ్లాను. నేను రావడం మాననని వాళ్లకు అర్థమయ్యాక అధికారి అసలు సంగతి చెప్పాడు. మా వాడలో ఇంకొందరి మోటార్లు కూడా పోయాయట. మా ఇంటికి ఎదురుగా ఉన్న భంగార్ దుకాణం మీద, అంటే పాత ఇనుము కొనే దుకాణం మీద, వాళ్లకు అనుమానం ఉందట.

"మీ పై గది కిటికీలోంచి ఆ దుకాణం కనిపిస్తుంది. మా మనిషి కొన్నాళ్లు అక్కడ కూర్చుంటాడు. ఎవరికీ చెప్పొద్దు బాయీ," అన్నాడు.

"నా తమ్మునికి?"

"తమ్ముడికి కూడా."

అలా వచ్చాడు ఆ కానిస్టేబుల్, మామూలు చొక్కా వేసుకుని, బీడీ కార్ఖానా మనిషినని చెప్పుకుంటూ. బూట్లు మాత్రం మార్చుకోలేదు.

అతని పని అతనికి బాగా వచ్చు. అది నేను కాదనను. కిటికీకి ఆనుకుని కూర్చునేవాడు కాదు. గది మధ్యలో, చీకటి ఉన్న వైపు పీట వేసుకునేవాడు. తెరను ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా దుకాణం ముందు ఆగితే ముందు గడియారం చూసేవాడు, తర్వాత మనిషిని చూసేవాడు, వెంటనే జేబులోని చిన్న పుస్తకంలో రాసేవాడు. చొక్కా రంగు, నడక, ఏ చేత్తో సంచి పట్టుకున్నాడు, టెంపో నంబరు. నేను చాయ్ తెచ్చిపెట్టినా రాయడం అయ్యేదాకా ముట్టుకునేవాడు కాదు.

"ఇంటికి పోయి రాస్తే ఏమైతది?" అని ఒకసారి అడిగాను.

"మనసు కల్పిస్తుంది బాయీ. కళ్లముందు ఉన్నప్పుడే రాయాలి," అన్నాడు మరాఠీలో.

ఆ మాట నాకు నచ్చింది. బూటు సంగతి మరిచిపోలేదు కానీ, ఆ మాట నచ్చింది.

సాంచాల దగ్గర పెరిగినవాళ్ల మాట తీరు తెలియని వాళ్లకు ఒకటి చెప్పాలి. ఆ చప్పుడులో గొంతు పనికిరాదు. పోగు తెగిందన్నా, బాబిన్ అయిపోయిందన్నా, సేట్ వస్తున్నాడన్నా అన్నీ చేతులతోనే. ఆ అలవాటు వీధిలోకి కూడా వస్తుంది. మా వాడలో ఇద్దరు నేతగాళ్లు రోడ్డుకు అటొకడు ఇటొకడు నిలబడి, నోరు విప్పకుండా ఇంటి కష్టాలన్నీ చెప్పుకోగలరు. మా తమ్ముడికైతే చెవులు కూడా మందగించాయి. చేతులే అతనికి నోరు.

ఒక మధ్యాహ్నం తమ్ముడు కింద నుంచి బయటికి వచ్చాడు. భంగార్ దుకాణం పక్కన ఇంకొకరి సాంచాలున్నాయి. ఆ సాంచాల గడపలో అతని దోస్తు నిలబడి ఉన్నాడు. తమ్ముడు బొటనవేలు పెదవికి ఆనించి, వీధి చివరకు చూపించాడు. చాయ్‌కి పద అని. దోస్తు ఇంకాసేపు ఆగమన్నాడు. అదే సమయానికి భంగార్ దుకాణదారు భోజనానికి షట్టర్ దించాడు. నేను కిటికీ పక్కనే బీడీలు చుడుతూ ఇదంతా చూశాను. పీట మీది మనిషి కూడా చూశాడు, రాశాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

ఆ మర్నాడు తమ్ముణ్ని సాంచా మీదనుంచే తీసుకుపోయారు.

నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఠాణాకు వెళ్లాను. అధికారి ఆ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. నేను చదివింది మరాఠీ బడిలోనే. కాబట్టి చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. 'చేయి నోటి దగ్గర పెట్టి, వీధి చివరకు చూపించాడు. దుకాణం మూసేశారు.' అంతవరకు నిజమే. దాని కిందనే, అదే వరసలో, అదే అక్షరాల్లో: 'నిఘా ఉందని దుకాణదారును హెచ్చరించాడు.'

"సాబ్, ఈ ముందటి ముక్క కండ్లతోని చూసింది. ఈ ఎనుకటి ముక్క మనసుల అనుకున్నది. రెండూ ఒక్కతీరుగ ఎట్ల రాస్తరు?" అన్నాను. సగం మరాఠీ, సగం మా మాట.

"ఇంటి గుట్టు ఇంటివాళ్లకే తెలుస్తుంది బాయీ. చోరీ మీ తమ్ముడే చేయించి ఉండొచ్చు."

"తాళం పగలగొట్టిండ్రు సాబ్. మా తమ్మునికి తాళం పగలగొట్టుడెందుకు? తాళంచెవి నా కొంగుకే ఉంటది. అక్కా ఇయ్యి అంటే ఇస్త."

కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. అధికారి బెంచీ మీద కూర్చోబెట్టిన తమ్ముడి వైపు తిరిగి ఏదో అడిగాడు. తమ్ముడు తల ఊపాడు. "చూడండి, ఒప్పుకుంటున్నాడు," అన్నాడు అధికారి.

"ఆయనకు ఇనవడది సాబ్! పెద్దమనిషి ఏదన్నా అడిగితే మర్యాదకు తల ఊపుతడు. చంద్రుడు నీ జేబుల ఉన్నడా అని అడుగుర్రి, దానికీ ఊపుతడు."

అడగలేదు. ఆ సాయంత్రం టెంపో నంబరు పట్టుకుని వెళ్లినవాళ్లకు అసలు దొంగలు హోట్గి రోడ్ వైపు ఒక షెడ్డులో దొరికారు. నా మోటారు కూడా దొరికింది. ఆ నంబరు కూడా అదే పుస్తకంలోనిదే. తమ్ముణ్ని కేసు లేకుండా వదిలేశారు. "ఇంక పొండి" అన్నారు, అంతే. తప్పు జరిగిందన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఇంటికొచ్చాక మరదలు గడపలోనే ఎదురైంది. "నీ మోటార్ దొరికింది గదా వదినా. నా మొగని ఇజ్జత్ ఏ భంగార్ దుకాన్ల ఎతకాలె?"

తమ్ముడు ఒక్కటే అన్నాడు. "పైన పోలీసోన్ని కూసోవెట్టినవ్. కింద నేనున్న. నాకు చెప్పకపోతివి."

చెప్పొద్దన్నారు, చెప్పలేదు. మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. అది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. మాట నిలబెట్టుకున్నవాళ్ల ఇంటి మనిషినే పట్టుకుపోయినవాళ్లది తప్పు. మరదలికి ఇది అర్థం కాదు. ఆ మాట తర్వాత ఆమె నన్ను ఒక్క పండక్కీ పిలవలేదు. అది కూడా నాకు గుర్తుంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. గణపతి ఊరేగింపు దగ్గరపడేసరికి ఒక కొత్త పోలీసు వచ్చి తమ్ముణ్ని పిలిచాడు. బందోబస్తు అట. అనుమానితుల పేర్లలో ఉన్నాడట. పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టి సాయంత్రం పంపారు. తర్వాత ఎన్నికలప్పుడు మళ్లీ. పుస్తకంలోని ఆ వాక్యం ఎక్కడికెక్కడికి పాకిందో నాకు తెలియదు. కొట్టేయమని దరఖాస్తు ఇచ్చాను. రాసింది కొట్టేయరట. కావాలంటే కింద ఇంకొక వాక్యం చేరుస్తామన్నారు. దానికి తమ్ముడి సంతకం కావాలన్నారు. తమ్ముడు పెట్టనన్నాడు.

మొన్న మళ్లీ పిలుపొచ్చింది. పోలీసు వచ్చేసరికే తమ్ముడు ఉతికిన చొక్కా వేసుకుని, సాంచా ఆపి, సిద్ధంగా ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. పోలీసు మీద కాదు, ఆ చొక్కా మీద. వెనకే వెళ్లి అదే బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాను.

"బాయీ, మిమ్మల్ని పిలవలేదు," అన్నాడు రాసుకునే అతను.

"పిలిస్తే వచ్చేదాన్ని కాదు నేను. మొదటి ఫిర్యాదు నాదే. ఈ బెంచీ మీద నాకూ హక్కుంది."

అతను నన్నొకసారి, తమ్ముణ్నొకసారి చూసి, కలం తీసి ఏదో రాయడం మొదలుపెట్టాడు. తమ్ముడు ఆ కలాన్నే చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత నా వైపు తిరిగి, తనకే వినపడనంత మెల్లగా అన్నాడు.

"పో అక్కా. నువ్వు కూసుంటే ఇంకోటి రాస్తరు."

నేను లేచాను. ఇంటికి మాత్రం పోలేదు. గేటు బయట, లోపల్నుంచి ఎవరికీ కనిపించని చోట, అతను వచ్చేదాకా కూర్చున్నాను.