క్యాసెట్టులో నునుపెక్కిన అమ్మ మొహం

పోయిన నెలలో మా చెల్లెలి కూతురి పెళ్లికి నరసరావుపేట వెళ్తే, ఆ పెళ్లికూతురు వాళ్లమ్మ పెళ్లి క్యాసెట్టును ఎక్కడో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చి గోడంత టీవీలో పెట్టింది. మా చెల్లెలి కనుబొమలు చూసి పిల్లలంతా పడీపడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ కనుబొమలు దిద్దింది నేనే.

ఆ రోజుల్లో నేను నరసరావుపేటలో మా ఇంటి ముందుగదిలోనే పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసేదాన్ని, ఈపూరు నుంచి, పెదకూరపాడు నుంచి కూడా పిలిచేవారు. అప్పటి వీడియో అంటే కళ్లు బైర్లు కమ్మే లైటని మన వయసువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ వెలుగులో మామూలుగా దిద్దితే ముక్కూ కళ్లూ ఆనవాలు లేకుండా పోయేవి, ఎర్రరంగేమో క్యాసెట్టులో అంచులు దాటి అలుక్కుపోయేది, అందుకని వీడియో ఆయన చెప్పినట్టల్లా ఎర్రచీర మాన్పించి ఆకుపచ్చది కట్టించేదాన్ని, కనుబొమలు రెండింతలు దిద్దేదాన్ని, తెల్లటి మధుపర్కం లైటుకు మెరిసి మొహం నల్లగా పడుతుందని చీరను పసుపునీళ్లలో ఇంకోసారి ముంచమనేదాన్ని. ఎదురుగా చూస్తే నాటకం వేషంలా ఉన్నా, టీవీలోకి వచ్చేసరికి మనిషిలా కనబడేది. ఇప్పుడు నవ్వేవాళ్లకు ఇదంతా ఎవరు చెప్పాలి?

చెల్లెలి పెళ్లిలో మా అమ్మ మాత్రం తన మొహానికి నన్ను పౌడరు కూడా రాయనివ్వలేదు. చిన్నతనంలో అమ్మవారు పోసి ఆమె మొహమంతా గుంటలు పడ్డాయి, పసితనంలో ఆమె ఒళ్లో పడుకుని ఆ గుంటలు వేలితో తడుముతూ నిద్రపోయేదాన్ని. క్యాసెట్టు చేతికొచ్చాక వీసీపీ అద్దెకు తెచ్చి ఇంటిల్లిపాదీ చూస్తుంటే, కన్యాదానం దగ్గర తన మొహం నున్నగా కనబడేసరికి, "ఏందే, నా మొహాన గుంటలన్నీ ఏమైపొయినయ్యి?" అని విస్తుపోయి, "ఇంకోసారి ఎనక్కి తిప్పయ్యా" అని వీసీపీ తెచ్చినాయన్ని విసిగించి మరీ చూసుకుంది. ఆమె ముచ్చట చూసి అప్పుడు నేనూ మురిసిపోయాను.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. కదిలే బొమ్మగా ఆమె ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టులోనే. మొన్న పెళ్లిలో ఆ పెద్ద టీవీ దగ్గరకంటా వెళ్లి వెతికితే, తెల్లటి మరక మీద రెండు కళ్లూ ఒక బొట్టూ తప్ప మా అమ్మ లేదు. చెప్పలేనంత దిగులు పుట్టింది.

పోనీ, ఇప్పటి కెమెరాలు వెంట్రుకతో సహా చూపిస్తాయి కదా, మా మొహాలైనా మిగులుతాయనుకున్నాను. గుంటూరు నుంచి వచ్చిన మేకప్ అమ్మాయి నలుగు పెట్టబోయిన నా చెయ్యి పట్టుకుని, "మొహానికి పసుపొద్దు ఆంటీ, కెమెరాలో పచ్చగా కొడతది" అంది. ఐదుగురు ముత్తయిదువలం పసుపుగిన్నె పట్టుకుని, చివరికి పిల్ల పాదాలకు మాత్రం రాసి ఊరుకున్నాం. పిల్ల చెంప మీది పుట్టుమచ్చనూ ఆ మేకప్ అమ్మాయి కప్పేసింది. తరవాత నన్నూ కుర్చీలో కూర్చోమంది, దగ్గరగా తీస్తారట, ముడతలు వీడియోలో పడతాయట. నాకు తిక్కరేగింది. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ఆ తడిమొహంతోనే వెళ్లి అక్షింతలు వేశాను.

నిన్న వీడియో వచ్చింది. అందులో నా మొహం ఇస్త్రీ చేసినట్టుంది. ఒక్క ముడత లేదు. వీడియో తీసినతనికి ఫోన్ చేసి అడిగితే, "కంప్యూటర్లో అందరికీ కలిపే నునుపు చేస్తాం పెద్దమ్మా, ముడతలుంటే పార్టీలు ఒప్పుకోరు" అన్నాడు. నా ముడతలు నాకు తిరిగి పెట్టమంటే నవ్వాడు.

అప్పటి కెమెరాకు చూపు తక్కువ, దాన్ని ఏమనగలం? ఇప్పుడు అన్నీ చూడగలిగే కెమెరా తెచ్చుకుని, దానికేమీ కనబడకుండా మనమే కప్పెడుతున్నాం. అమ్మ మొహం ఎలా ఉండేదో చెప్పడానికి నేనైనా మిగిలాను. నా మొహం ఎలా ఉండేదో రేపు ఆ పెళ్లికూతురి పిల్లలకు ఎవరు చెబుతారు?