సూరన్న పిడికిలి

సూరన్నకి నోటికన్నా చెయ్యి ముందు లేస్తుంది. టీ కొట్టు దగ్గర అరచెయ్యి ఊపితే పంచదార వద్దని. భోజనం దగ్గర ఊపితే కూర చాలని. "పెళ్లాంతోనైనా నోరు తెరిచి మాటాడవేటి?" అని రోజారమణి తిడుతుంది. దానికీ చేత్తోనే జవాబు. అతని తప్పేం లేదు. విశాఖ పోర్టులో ఓడ మీద నిలబడి, పైన క్రేన్ క్యాబిన్‌లో ఉన్నవాడికి సైగలతో దారి చెప్పడం అతని పని. ఆ హోరులో గొంతు చించుకున్నా వినపడదు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తమని, కిందికి తిప్పితే దించమని. పిడికిలి బిగించి ఎత్తాడంటే ఎక్కడి సరుకు అక్కడ ఆగిపోవాలి. కింద ఓడ కడుపులో మనుషులుంటారు మరి. ఆ పిడికిలి రెప్పపాటు ఆలస్యమైతే వాళ్లుండరు. ఇంత చేసినా పేపర్లో ఫొటో పడేది ఓడకే.

పైన క్రేన్‌లో కూర్చునేది పోలిరాజు. క్యాబిన్‌లో వినేవాడు లేక దాచుకున్న మాటలన్నీ కిందికి దిగగానే కుమ్మరిస్తాడు. రోజూ ఒకటే దెప్పు.

"సెయ్యి వంకరగా ఎత్తినావు బావా! నాను కాబట్టి సరిపోయింది. ఇంకోడైతే సరుకు సముద్రంలో ఏసేవోడు."

'నీ కళ్లే వంకర' అని సూరన్న వేళ్లతోనే చూపించేవాడు.

ఆ రోజు నైట్ డ్యూటీ దిగి పెందుర్తిలో ఇంటికొచ్చి పడుకున్న పోలిరాజు, మధ్యాహ్నం లేవబోతే కుడి చెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకి లాగేసింది. మాట రాబోయి ముద్దగా ఏదో వచ్చింది. భార్య గౌరీశ్వరి కేక విని పక్క వీధి నుంచి సూరన్న చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి అతన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చారు.

"ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాడు డాక్టరు జయంత్.

"నిద్దట్లో వచ్చేసింది బాబూ. ఏ టైమంటే నానేటి సెప్పగలను?"

మొదటి స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలింది. మెదడుకెళ్లే రక్తనాళంలో నెత్తుటి గడ్డ అడ్డం పడింది. మెదడు ఎక్కువ భాగం చచ్చిపోయుంటే గడ్డ తీసినా ఉపయోగం లేదు, పైగా ప్రమాదం.

"టైము మనకి తెలియదు. మెదడునే అడుగుదాం," అన్నాడు డాక్టరు. "డై ఎక్కించి, రక్తం ఎక్కడికి ఎంత వేగంగా పోతోందో వరసగా ఫొటోలు తీస్తాం. పోయిన భాగమేదో, రక్తం చాలక ఇంకా కొట్టుకుంటున్న భాగమేదో తెలిసిపోతుంది. కొట్టుకుంటున్నది ఎక్కువుంటే గడ్డ లాగేస్తాం."

"డై ఎందుకు బాబూ? ఆయన మొన్నే ఏసుకున్నాడు, జుట్టు నల్లగానే ఉంది కదా!"

నవ్వే టైము కాదు గానీ డాక్టరు నవ్వేశాడు. "అది కాదమ్మా, ఇది నరంలోకెళ్లే మందు."

స్కాన్ గదిలో సనోబర్ అనే అమ్మాయి పోలిరాజు తలకి పట్టీ కట్టి, "నిమిషం పాటు కదలకండి" అంది. అతనికి మాట వినపడింది గానీ అర్థం కాలేదు. మందు ఎక్కగానే ఒళ్లంతా వెచ్చబడేసరికి బెదిరి తల విదిలించాడు. ఫొటోలన్నీ అలుక్కుపోయాయి.

"ఇంకొక్కసారే ఎక్కించగలం," అన్నాడు డాక్టరు. "మత్తిద్దామంటే ఆలస్యం."

బల్ల మీద పోలిరాజు ఎడమ కాలు కిందికి జారుస్తున్నాడు, దిగిపోదామని. తలుపు దగ్గరున్న సూరన్న పిడికిలి దానంతటదే గాల్లోకి లేచింది.

పోలిరాజు కాలు ఉన్నచోటే ఆగిపోయింది.

సనోబర్ గిరుక్కున తిరిగింది. "అన్నా, ఇప్పుడేం చేశారు?"

"నానేటీ సెయ్యలేదమ్మా!"

"చేశారు! అదే మళ్లీ చెయ్యండి. రండి, రండి!"

ఎక్స్-రే తగలకుండా సూరన్నకి బరువైన సీసం కోటు తొడిగి, పోలిరాజు కళ్లకి కనపడేలా కాళ్ల వైపు స్టూలెక్కించింది. మిషను గిర్రున తిరగడం మొదలైంది. సూరన్న పిడికిలెత్తాడు. మందు ఎక్కింది. పోలిరాజు కళ్లు పెద్దవయ్యాయి, ఒళ్లు బిగుసుకుంది, కానీ తల కదల్లేదు. ఆ కళ్లు పిడికిలిని వదల్లేదు. ఓడ కడుపులో ఇంతవరకూ ఎవరెవరో ఉండేవారు. ఇప్పుడు అక్కడున్నది పోలిరాజే. సూరన్న చెయ్యి దించలేదు.

అద్దం అవతల తెర మీద మెదడు రంగుల్లో వెలిగింది. చచ్చిపోయిన భాగాన్ని చూపే గులాబీ రంగు మచ్చ చిన్నది. దాని చుట్టూ ఆకుపచ్చ, చాలా పచ్చ.

"ఈ పచ్చదంతా బతికే ఉంది! పదండి, పదండి!" అంటూ డాక్టరు పరిగెత్తాడు.

స్ట్రెచర్ మీదికి మారుద్దామంటే పోలిరాజు కొయ్యలా బిగుసుకుపోయున్నాడు. సనోబర్ తలెత్తి చూసి పకపకా నవ్వింది. "అన్నా! ముందు మీ చెయ్యి దించండి. మీరు దించితేగానీ ఆయన కదిలేలా లేరు."

సాయంత్రానికల్లా గడ్డ బయటికొచ్చింది.

మర్నాడు వార్డులో సూరన్నని చూడగానే పోలిరాజు కుడిచేతి వేళ్లు దుప్పటి మీద కదిలాయి. పెదాలు చాలాసేపు పెనుగులాడాయి.

"సె... సెయ్యి," అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "వం... వంకర."

గౌరీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూరన్న చేతులు అలవాటుగా లేవబోయి ఆగిపోయాయి.

"నీ కళ్లే వంకర బావా!" అని వార్డంతా అదిరేలా అరిచాడు. నర్సు ఉరిమి చూసినా ఆపలేదు. "నీ కళ్లే వంకర!"