ఎర్రచెక్క సిలువ

మనుషులు మూసిపెట్టుకున్న మనసుల్లోకి కూడా వెలుగు పంపే దేవునికి స్తోత్రం. ఈ వయసులోనూ నన్ను విడిచిపెట్టని ఆయన కృపను తలచుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మాది ప్రొద్దుటూరు నుంచి లంకమల కొండల వైపు పోయే దారిలో ఒక చిన్న పల్లె. ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది. సొంత చేలో మొలిచిన చెట్టునైనా అనుమతి లేకుండా కొట్టకూడదు. ఇంట్లో మూరెడు దుంగ దొరికితే అటవీ అధికారులు మనిషిని జీపులో ఎక్కించుకుని పోయేవాళ్లు. అందుకే ఎర్రటి చెక్క ఏది కనిపించినా మా ఊళ్లో గొంతులు తగ్గేవి. పొయ్యిలోకి కట్టెలు తెచ్చే ఆడవాళ్లను కూడా, పైన కంప ఉంది గానీ లోపల ఏముందో అన్నట్టు చూసేవాళ్లు.

మా సంఘంలో కొత్తగా బాప్తిస్మం పొందిన ఒక మామ ఉండేవాడు. అంతకుముందు కూలికి ఆశపడి కొండలో చెట్లు కొట్టి, జైలుకు పోయివచ్చిన మనిషి. ఒక ఆదివారం ఆయన సిలువ చేసి తెచ్చి మందిరంలో గోడకు ఆనించాడు. ఎర్రగా, నూనె పూసి నిగనిగలాడుతోంది. పాట మధ్యలోనే ఆగిపోయింది.

"యాడిదప్పా ఈ చెక్క?" అని మా పెద్దత్త అడిగింది.

"నాదేనక్కా."

"నీదా! కొండ ఎప్పుడు రాసిచ్చినారప్పా నీకు?"

కొందరు నవ్వారు. ఆయన తల దించుకున్నాడు. అదే ఆయన మీద సాక్ష్యమైంది. అధికారులు వస్తే మందిరానికి తాళం పడుతుందని ఒకరు, మనల్ని ఇరికించడానికే తెచ్చాడేమోనని ఇంకొకరు. సాయంత్రం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో ఆయనకు భాగం ఉండకూడదని, సంఘం నుంచే వెలివేయాలని తేల్చారు.

సంఘపెద్ద మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న. అంతా విని, "శానా మంచిది. ఇప్పుడే పోయి ఇల్లు సోదా చేద్దాం. అనుమానం ఉండేవాళ్లంతా రాండి" అన్నాడు. ఆయన కూడా ఆ మామను నమ్మలేదనుకున్నాను. సిలువను చంకన పెట్టుకుని జేజినాయన నడుస్తుంటే, వెనకనే పెద్దత్త, ఆమె వెనక మేమంతా.

ఆ ఇంటికి తలుపు లేదు. ద్వారానికి గోనెపట్టా వేలాడుతోంది. లోపల ఆ మామ భార్య, కుక్కలు రాకుండా రోలు అడ్డం పెట్టుకుని, పసిబిడ్డతో కూర్చుంది.

"తలుపు యాడమ్మా?" అన్నాడు జేజినాయన.

ఆమె ఆయన చంకలోని సిలువను చూపింది. జేజినాయన దాన్ని వెనక్కి తిప్పాడు. గొళ్లెం బిగించిన రంధ్రాలు, చుట్టూ తుప్పు మరక. నూనెకు ఎర్రబడిన పాత తుమ్మ చెక్క.

"ఆడనే ఎందుకు చెప్పలేదప్పా?" అని మా వెనకనే వచ్చిన ఆ మామను అడిగాడు.

"చెప్పింటే నమ్మింటారా పెద్దాయనా?"

జేజినాయన గోనెపట్టా పైకెత్తి, "సోదా చేయండి" అన్నాడు. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు. పొద్దున మందిరానికి ఆ దారినే వస్తూ జేజినాయన ఆ గోనెపట్టాను చూశాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చెప్పివుంటే మేము వినేవాళ్లం కాదు. అందుకే నడిపించాడు.

ఆ సాయంత్రం ఆ మామ అందరితో పాటు బల్లలో చేయి వేశాడు. మర్నాడు పెద్దత్త తన పశువుల కొట్టం తలుపు ఊడదీయించి ఆ ఇంటికి పంపింది. "బిగించుకో అప్పా. మళ్లా దీన్ని గూడా సిలువ చేసేవు!" అని కసిరింది కూడా.

మా వైపు ఎర్రచెక్క అంటే నేటికీ గుసగుసలే. ఎవరి మీదనైనా అట్లాంటి మాట చెవిన పడితే, నా కాళ్లు ముందు ఆ మనిషి ఇంటి వైపు కదులుతాయి. కదలని రోజులూ ఉన్నాయి. అందుకే నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, పొరుగువాని మీద నోరు తెరిచే ముందు, అతని వాకిలి దాకా మమ్మల్ని నడిపించు. ఆమేన్.