పెద్దమ్మ ఊ కొట్టని కథ

ఆ రోజుల్లో మాకు కథంటే చెవిలో పడేదే గాని కాయితం మీద పడేది కాదు. చెప్పేవాళ్ళొకరు, ఊ కొట్టేవాళ్ళొకరు. ఊ ఆగిందంటే కథ చచ్చిందన్నమాటే. అది తెలిసి కూడా పంతొమ్మిదేళ్ళప్పుడు, అక్షరమ్ముక్క రాకుండానే, రచయిత్రిని అయిపోదామని బయలుదేరాను. (పొగరుకు చదువుతో పనేముంది?) నెల్లితోపులో మా పక్క వాటాలో యానాం నుంచి బదిలీ మీద వచ్చిన సారొకాయన ఉండేవారు. తెలుగువాళ్ళ సభలో కథల పోటీ పెట్టారనీ, నేను చెబితే తాను రాసిపెడతాననీ అన్నారు. నాకు తెలిసిన పెద్ద కథ ఒక్కటే: ఫ్రెంచివాళ్ళ పటాలంలో చేరి, సైగాను వైపు యుద్ధానికి పోయి తిరిగిరాని మా పెదనాన్నది.

"మీ పెదనాన్నగారే చెబుతున్నట్టు 'నేను, నేను' అని చెప్పమ్మాయ్, వినేవాళ్ళు ఏడ్చెయ్యాలంతే. భాష మాత్రం పుస్తకంలా ఉండాలి సుమా!" అన్నారు సారు. ఇద్దరం కలిసి పెదనాన్న గుండెలో తూటా దించి, ఆ తర్వాత ఆయన చేత పేజీన్నర మాట్లాడించాం. అయితే పెద్దమ్మను అడక్కుండా ఆమె మొగుణ్ణి పోటీకి పంపితే మా అమ్మ నన్ను ఇంట్లో ఉండనివ్వదు. అందుకని కథంతా కంఠతా పట్టి, బస్సెక్కి పెద్దమ్మ ఉండే బాహూరు పోయాను.

పెద్దమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. "ఊ... ఊ..." బాగానే సాగింది. "ఓ ప్రియసఖీ! నా రుధిరధారలతో ఈ పరభూమి తడిసిపోవుచున్నది" అన్నానో లేదో (ఈ ముక్క ఇప్పుడు రాయడానికి మనవరాల్ని అడగాల్సి వచ్చింది), ఊ ఆగిపోయింది.

"ఎవురుమే ఈయన?"

"పెదనాన్న."

"మీ పెదనాన్న ఇంకొంచెం రసం పొయ్యమనేదానికే నోరు తెరిచేవోడు కాదు, గిన్నె ముందరికి తోసేవోడు. గుండు తగిలినాక ఇంత మాట్లాడినాడా? అయినా సచ్చిపోయినోడు నీకెట్ట చెప్పినాడు?"

పోటీ చేజారిపోతోందన్న కంగారులో గొంతు బొంగురు చేసి, మా ఇంటి మాటల్లోనే, "ఏమే, యాడుండావు?" అన్నాను.

చిక్కుడుకాయ వచ్చి నా ముక్కుకు తగిలింది. "ఇప్పుడు గుర్తొచ్చినానా? పొయ్యేవోడివి పోకుండా మా నాయన గొడుగెందుకు ఎత్తుకపోతివయ్యా? యుద్ధానికి గొడుగేంది? ఊరంతా నవ్విరి!"

ఇది మా కథలో లేదు. "వానొస్తాదేమోనని..." అని నసిగాను.

"ఇంట్లో ఉండింది అదొక్కటే గొడుగు! ఇన్నేండ్లూ గోనెసంచి కప్పుకోని పొలానికి పోతాండా, తెలుసునా?"

పెదనాన్న తరఫున చెంపలు వేసుకున్నాను. అరగంట తిట్లు తిన్నాను, ఆయన తినాల్సినవన్నీ. చివరికి పెద్దమ్మ అలిసిపోయి, చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, తల ఎత్తకుండా అడిగింది.

"తడిసినావా మరి, ఆడ?"

"లేదు మే. గొడుగుండె గదా."

"ఊ" అంది పెద్దమ్మ. "పంపించుకోపో."

గొడుగు కథే పంపాం. "ఇందులో యుద్ధమేదమ్మాయ్?" అని సారు రాసినంతసేపూ తల పట్టుకున్నారు. పోటీవాళ్ళకూ కనబడలేదు కాబోలు, బహుమతి రాలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని, ఇప్పుడు నా కథలు నేనే రాసుకుంటున్నాను. కాయితం ఊ కొట్టదు కాబట్టి వాక్యానికొకసారి నేనే కొట్టుకుంటాను. గొంతు నొప్పేమోనని మనవరాలు వేడినీళ్ళు తెచ్చి పక్కన పెడుతుంది. తాగి, మళ్ళీ ఊ అంటాను.