బెల్లం నీళ్ల దీవి

అమీర్‌పేటలో తలెత్తితే మెట్రో వంతెన బదులు ఆకాశం కనిపించే రోజుల్లో, ఒక వానాకాలమంతా నాకు దీవితోనే సరిపోయింది. మనిషన్నవాడు లేని దీవి. పడమట నిట్టనిలువు రాతి గోడ, తూర్పున నల్లరాళ్ల ఒడ్డు, మధ్యలో గాలికి ఒంగిన పొదలు. వాగు లేదు, వాన కురిస్తేనే నీళ్లు. అక్కడ చలికి మంచు పడదు, ఎండ మన రోహిణీ కార్తెలా మాడ్చదు. తరిమేవాళ్లు లేరు కాబట్టి సముద్రపు పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. పడవ ఆగడానికి రేవు కూడా లేదు. ఇంతవరకు చెప్పేసరికి వినేవాళ్ల కళ్లు పెద్దవవుతాయి కనుక, అలలు తాటిచెట్టంత లేచేవని కూడా చేరుస్తుంటాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ దీవి పొడవు నాలుగడుగులు. చెక్క పలక మీద నేనే చేశాను. సముద్రం నీలం పెయింటు. (అలలు మాత్రం నిజంగానే లేచాయి, బ్రష్షు మొద్దుది.)

కోనసీమ నుంచి వచ్చి, పంజాగుట్టలో బడులకు భూగోళం నమూనాలు చేసిచ్చే చిన్న వర్క్‌షాపులో చేరాను. ఒక స్కూలు జాగ్రఫీ మేడం ఎక్కడో దూరపు సముద్రంలోని ఈ బుల్లి దీవి పటం తెచ్చి, మనుషులు లేని నేల ఎట్లా ఉంటుందో పిల్లలకు చూపించాలంది. మా ఓనరు సార్‌ది నల్గొండ. పటం నా చేతిలో పెట్టి, "ఇది మంచిగ చేస్తే పర్మనెంటు చేస్త. లేకుంటే మీ అన్న దుకాణం ఉండనే ఉండె, ఏం ఫికర్ లేదు" అన్నాడు. ఫికర్ లేనిది ఆయనకు. మా అన్నయ్యది ఎరువుల కొట్టు. అందులో జీవితాంతం కూర్చోవడం తలుచుకుంటేనే నాకు తుమ్ములొచ్చేవి.

వర్క్‌షాపులో చోటు లేక పలకను అమీర్‌పేటలోని నా అద్దె గదికి తెచ్చుకున్నాను. కాగితం గుజ్జు, సుద్దపొడి, జిగురు కలిపి కొండలు నిలబెట్టాను. ఆరగానే పడమటి గోడ బీటలు తీసింది. మళ్లీ చేశాను, మళ్లీ తీసింది. ఇంటి ఓనరమ్మను అక్కా అని పిలిచేవాణ్ని. ఆవిడ గుమ్మంలో నిలబడి నా తిప్పలన్నీ చూసి, "బెల్లం నీళ్లు కలుపు తమ్మీ. మా మామ గచ్చుల గట్లనే కలిపేటోడు, ఇప్పటికీ పగుల్లే. మీద తడిగుడ్డ కప్పు, ఊకె తీసి చూడకు" అంది. కలిపాను. కాస్త ధారాళంగానే కలిపాను. ఒడ్డున పరవడానికి ఆవాల కంటే చక్కటి నల్లరాళ్లు దొరకలేదు (అవీ అక్క వంటింట్లోవే). తడిగుడ్డ కప్పేసి, ఆవిడ మాట జవదాటకుండా, మేడం వచ్చే రోజుదాకా దాని మొహం చూడలేదు.

ఆటోలో అడ్డంగా పెట్టుకుని పంజాగుట్ట చేర్చాను. మేడం, సార్ చెరోవైపు నిలబడ్డారు. నేను శిలాఫలకం ఆవిష్కరించే మంత్రిగారిలా గుడ్డ లాగాను. నల్లరాళ్ల ఒడ్డు లేదు. దాని చోట లేతపచ్చ మొలకలు, రెండేసి ఆకులతో, గుడ్డ బరువుకు ఒకే వైపు ఒంగి ఉన్నాయి. పడమటి గోడ పగల్లేదు, కానీ దాని మీద చీమల బారు ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది.

సార్ గొంతు తగ్గించి, "మనుషులు లేని దీవి అంటివి. మరి గీళ్లెవరే?" అన్నాడు.

అన్నయ్య కొట్టు కళ్ల ముందు కనిపించింది. ఇక నా నోరు నా మాట వినలేదు. దీవులకు గింజలు పక్షుల కడుపులో వస్తాయన్నాను. చీమలు కొట్టుకొచ్చే దుంగలెక్కి వస్తాయన్నాను. అక్కడ వాన కురిస్తే ఇలాగే పచ్చబడుతుందని, ఆర్నెల్లు చదివి కావాలనే ఇలా చేశానని, ఆ చీమలు అచ్చం ఆ దీవి జాతివేనని కూడా అన్నాను. మేడం అంతా విని, వంగి, కొండను గోటితో గీకి వాసన చూసింది.

"అక్కడ చెరుకు కూడా పండుతుందా బాబూ?"

బెల్లం, ఆవాలు, అక్క, తడిగుడ్డ, అన్నీ వరసగా కక్కేశాను. సార్ సీలింగ్ ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. మేడం కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "నువ్వు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమేనయ్యా. దీవి మీదకి ప్రాణం అలాగే వస్తుంది, ఎవరూ పిలవకపోయినా. చీమలతో సహా ఇచ్చెయ్యండి, పిల్లలు చూస్తారు" అంది.

అలా నేను పర్మనెంటు అయ్యాను. తర్వాత ఇంకో స్కూలు అదే దీవి, చీమలతోనే కావాలంటే ఎంత బెల్లం పోసినా ఒక్క చీమ రాలేదు. "గప్పుడే వాటిని సుత పర్మనెంటు చేయాల్సుండె" అని సార్ చాలా కాలం బాధపడ్డాడు.

మొన్న మా మనవరాలు ఆకాశం నుంచి తీసిన ఆ దీవి ఫొటో ఫోన్లో చూపించింది. పడమటి గోడ అక్కడే ఉంది. తూర్పు ఒడ్డు వెంట లేతగా పచ్చగా ఉంది. (చూశారా, అసలు దీవే నాదాన్ని చూసి నేర్చుకుంది.) "తాతా, నిజంగా ఇక్కడున్నావా? మరి రాత్రి ఎక్కడ పడుకునేవాడివి?" అని అడిగింది. తాటిచెట్టంత అలలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

"దాని పక్కనే అమ్మా, చాప మీద" అన్నాను.

అబద్ధం కాదు. ఆ గదిలో మిగిలిన చోటు చాపంతే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ కుర్రాడు నిద్రలో చెయ్యి చాస్తే సముద్రం తగిలేది. పొద్దున లేచేసరికి చెయ్యంతా నీలం.