సాంచా కాళ్ళ కింద షాబాద్ బండ

మా ఇంట్లో ఎండ ముదిరిందని ముందుగా తెలిసేది నా ముక్కుకే. మధ్యాహ్నం రెండు దాటేసరికి నేను పనిచేసుకునే బల్ల మీది నుంచి వేడెక్కిన పాత టైరు వాసన సన్నగా లేస్తుంది. పాటలూ కథలూ రికార్డు చేసి, ధ్వని సరిదిద్ది పంపడం నా పని. బల్ల మీద రెండు స్పీకర్లు, వాటి కింద చెరో షాబాద్ బండ, బండ కింద నాలుగు మూలలా టైరు బిళ్ళలు. చూసినవాళ్ళు నవ్వుతారు. ఈ బండలు పెట్టక ముందు, నాకు పని ఇచ్చే పుణె పెద్దమనిషి, మగ్గాల మధ్య కూర్చుని మీకు ధ్వని ఏం తెలుస్తుంది, ఇక్కడికొచ్చి గది తీసుకోండి, లేకపోతే పని వేరేవాళ్ళకిస్తానన్నాడు. అందులో సగం నిజమే. అప్పట్లో స్పీకర్ల అదురుకు బల్ల కూడా మోగేది. కింది స్వరాలు ఉన్నదానికంటే లావుగా వినిపిస్తే నేను తగ్గించేసేదాన్ని, వినేవాళ్ళకు పాట పీలగా చేరేది. మిగతా సగానికి మాత్రం నాకు ఒళ్ళు మండింది. మగ్గాల పేట కుంఠా నాకాలో పుట్టినదానికి అదురు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

నా చిన్నప్పుడు మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నాయిన నడిపే రెండు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వెనక గదిలో మేమూ, పొయ్యీ, అమ్మ బీడీల చాటా. పొద్దున్నే నాయిన స్విచ్చి వేశాడంటే ఆ అదురు గచ్చులోంచి పాదాలకెక్కి మోకాళ్ళ దాకా పాకేది, గోడ మీది దేవుళ్ళు తలలూపేవారు, గూట్లో స్టీలు గిన్నెలు సాయంత్రం దాకా గలగలమంటూనే ఉండేవి, కడక్ భాకరీ, అదే కరకరలాడే జొన్నరొట్టె, పక్కన వేసిన పల్లీల పొడి దానంతటదే పళ్ళెం అంచుకు జరిగేది. ఎండాకాలం మిషన్ నూనె వాసన, వానాకాలం తడి నూలు మీద గంజి పులుపు, చలికాలం అమ్మ కత్తిరించే తునికాకు వాసన, వీటన్నిటి మీదా పల్చగా నూలు దుమ్ము. బోర్లించిన పళ్ళెం మీద తలా ఒక చింతగింజ పెట్టి, ఎవరి గింజ ముందు దొర్లి కిందపడితే వాళ్ళు ఓడినట్టని ఆడుకునేవాళ్ళం. రాఖీ పున్నం నాడు, మా నేతగాళ్ళ మూలపురుషుడు మార్కండేయుడి రథం కదిలే రోజున, పేటంతా సాంచాలు ఆగేవి. మగవాళ్ళు కొత్త జంధ్యాలు వేసుకునేవారు, ఇంటింటా పెనం మీద బచ్చాలు, అంటే బొబ్బట్లు, కాలేవి, ఆ నిశ్శబ్దానికి చంటిపిల్లలు బెదిరి ఏడ్చేవారు.

గోడకు అవతల ఒక మరాఠీ ముసలామె ఒంటరిగా ఉండేది. అందరం మావ్షీ, అంటే పిన్ని, అనేవాళ్ళం. మా మధ్య బతికి ఆమెకు మా తెలుగే వచ్చేసింది. మా సాంచాల అదురుకు ఆమె గోడ పగులిచ్చింది, అయినా ఊరుకుంది. గూట్లోని మామిడికాయ పచ్చడి జాడీ జరిగి జరిగి ఒకరోజు కిందపడి పగిలేసరికి మాత్రం మూత చేత్తో పట్టుకుని మా గడపలో నిలబడింది.

"ఆతా బస్, ఇగ చాలు! దసరా దాక చూస్త. సాంచా బంద్ కాకపోతె మున్సిపాలిటీల అర్జీ పెడ్త."

"పెట్టుకో మావ్షీ. సాంచా అయితె ఆగది" అన్నాడు నాయిన.

అన్నాడే గానీ ఆమె వెళ్ళాక సాంచా కాళ్ళ దగ్గర వంగి కూర్చుని చూశాడు. వయసంతా ఇంకొకరి కార్ఖానాలో కూలికి నేసి, చివరికి సొంతానికి పెట్టుకున్న సాంచాలవి. ఆగితే మళ్ళీ ఆ కార్ఖానా గుమ్మమే. పిల్లలమైనా మాకూ ఆ సంగతి తెలుసు.

నేతగాడికి ఏ రోగానికైనా మందు బట్టే. నాయిన తను నేసిన దళసరి టర్కీ తువ్వాళ్ళు తెచ్చి, ఎనిమిదేసి మడతలు పెట్టి, నలుగురిని పిలిచి సాంచాను ఎత్తించి, ఒక్కో కాలి కింద దోపాడు. గల్లీ అంతా వచ్చి చూసి భేష్ అంది. స్విచ్చి వేశాడు. నాలుగు దెబ్బలు మెత్తగానే పడ్డాయి, ఐదో దెబ్బకు సాంచా ఉయ్యాల ఎక్కినట్టు ఊగడం మొదలుపెట్టింది. పోగును అటూ ఇటూ మోసే నాడె దారి తప్పి ఎగిరి నాయిన చెవి పక్కగా పోయి గోడకు తగిలింది. పడుగు పోగులు సగం తెగిపోయాయి. అవతలి నుంచి మావ్షీ తిట్లు, ఇవతల నాయిన తిట్లు.

అమ్మ అంతసేపూ బీడీలు చుడుతూనే ఉంది. దారం పళ్ళతో తెంపి, అప్పుడు నోరు విప్పింది.

"మెత్తగుంటె ఊగుతది గని ఆగుతదా? ఈ చాట చూడుండ్రి. కింద పెడితె తంబాకు కదుల్తది. నా ఒళ్ళె పెట్టుకుంటె కదుల్తలేదు. నేను మెత్తగున్న, బరువు గూడ ఉన్న. రెండూ గావాలె."

"ఇంజనీరమ్మ మాట్లాడుతుంది, ఇనుండ్రి" అని నాయిన వెక్కిరించాడు. వెక్కిరిస్తూనే చెప్పులు వేసుకుని వెళ్ళి, ఎవరి ఇంటి గచ్చుకో వేయగా మిగిలిన షాబాద్ బండలు, పాత లారీ టైరూ తెచ్చాడు. కింద పల్చటి టైరు ముక్కలు, వాటి మీద బరువైన బండ, బండ మీద సాంచా కాలు. గోడకు ఆనుకున్న సాంచాను ఒక జానెడు ఇవతలికి జరిపారు. అమ్మ స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని మావ్షీ ఇంటికెళ్ళి, జాడీ పడిపోయిన గూట్లోనే పెట్టి, "ఇగ ఎయ్యిండ్రి!" అని కేకేసింది. పిల్లలమంతా గూటి ముందు మూగాం. నీళ్ళు ముడతపడ్డాయి, ఒక్క చుక్క పొర్లలేదు.

మావ్షీ కళ్ళు చికిలించి, "జర కదుల్తుంది" అంది.

"జర కదుల్తది మావ్షీ. మేం బతికున్నమని నీకు తెలువొద్దా?" అంది అమ్మ.

మావ్షీ నవ్వాపుకోలేకపోయింది. దసరా వచ్చింది, పోయింది, అర్జీ మాట మళ్ళీ లేవలేదు.

ఇంత చూసి పెరిగినదాన్ని, నేనూ ముందు తువ్వాళ్ళ తప్పే చేశాను. మెత్తటి స్పాంజి దిండ్లు తెప్పించి స్పీకర్ల కింద పెట్టాను. స్పీకర్లు ఊగాయి, ధ్వని మరీ బురదైంది. అప్పుడు తిట్టుకుని హోట్గి రోడ్‌కు వెళ్ళి బండలు కోయించుకొచ్చి, టైరు బిళ్ళల మీద నిలిపాను. బల్ల నోరు మూసింది. ఆ వారం పంపిన పాట విని పుణె ఆయన, ఏ స్టూడియో తీసుకున్నారని అడిగాడు. కుంఠా నాకా అన్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు, వెళ్ళను.

నాయిన సాంచాలు పాత ఇనుముకు పోయాయి. మావ్షీ ఇల్లున్నచోట మూడంతస్తులు లేచాయి. అమ్మ లేదు. చింతగింజ పెట్టినా కదిలే గచ్చు లేదు. నాయిన ఉన్నాడు, ఆయన చెవుల్ని మాత్రం సాంచాలు తీసుకుపోయాయి. బల్ల కుదిరిన రోజు సంబరంగా ఆయన్ని పిలిచి పాట పెట్టాను. ఏ సాంచా ఎలా నడుస్తోందో చేత్తో తాకి చెప్పే మనిషి కదా, అలవాటుగా అరచేయి బల్ల మీద ఆనించి కాసేపు ఎదురుచూశాడు.

"ఏం బిడ్డా, బంద్ పెట్టినవా?"

పాట నిండుగా మోగుతూనే ఉంది. నేను అంత కష్టపడి తీసేసిన అదురే ఆయనకు మిగిలిన వినికిడి. ఏడుస్తూ కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఒక స్పీకరును ఎత్తుకెళ్ళి ఆయన కూర్చునే చెక్క మంచం మీద, కింద ఏమీ పెట్టకుండా, తొడకు ఆనించి పెట్టాను. మంచం మోగింది, పట్టెలు మోగాయి. నాయిన రెండు అరచేతులూ చెక్క మీద పరిచాడు.

"ఆఁ, గిప్పుడు నడుస్తంది" అన్నాడు.

నేను ఇంకాస్త పెంచాను.